అనధ్యాయయాత్రలు

పాఠము లేని దినమునకు మన పూర్వులిడిన పేరు అనధ్యాయము. అష్టమి, చతుర్దశి, పర్వములు, ఉఱుములు, ఉల్కాపాతము మున్నగువానిలో నేది సంభవించినను వేదాధ్యయనము మానవలెనని ధర్మశాస్త్రములు శాసించుచున్నవి. మనుస్మృతి నాల్గవ యధ్యాయమున దీనికిఁ బెద్ద పట్టికయే కలదు. మన వీథిబడులలో అమావాస్యకును బౌర్ణమికిని ఆటవిడుపిచ్చుటకు మూలమిదియే. పాణినిమహర్షి చదువరాని చోటఁ జదువువానికిని, చదువరాని కాలమునఁ జదువువానికిని బేరు కలుగునట్లు ప్రత్యేకముగా నొక సూత్రము చేసినాఁడు. శ్మశానమునఁ జదువువాఁడు శ్మాశానికుఁడు. చతుర్దశినాఁడు చదువువాఁడు చాతుర్దశికుఁడు. కాశికాకారులు చూపిన యీ యుదాహరణములు గౌరవసూచకములు కావని వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. అయినను, పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున నుపాధ్యాయులై యీ దేశమునకు వచ్చిన కొందఱు విదేశీయుల చరిత్రమును జూచినచోఁ జాతుర్దశికత్వము నింద గాక ప్రశంసయే యగునట్లున్నది. వారు పాఠము చెప్పిన దినములకంటెఁ జెప్పని దినములే సంస్కృతవాఙ్మయమునకు నెక్కుడుగా నుపకరించినవి.

దూరదేశమునఁ బాఠము చెప్పువానికి సెలవులొక చిక్కు. స్వదేశమున నున్నవాఁడు ఇల్లు చేరును. బొంబాయిలోనో లాహోరులోనో యుద్యోగమునందున్న జర్మనునకు ఇంటికిఁ బోయి మఱలి వచ్చుటకు ఓడప్రయాణమే చాలునుగాని సెలవు చాలదు. వేసవియందలి దీర్ఘావకాశము దినములలోఁ బెద్దదేకాని, ఆ యెండలలో మైదానముమీఁదఁ దిరుగుట యెట్టివానికిని దుస్సాధ్యము. వర్షర్తువునఁ ద్రోవలే యుండవు. సంవత్సరాంతమున క్రిస్మసు పండుగకు దొరకు నవకాశము స్వల్పమైనను, కాలము మాత్రము యాత్రానుకూలము. ఇది మనవారెఱుఁగని సంగతి కాదు. కౌటిల్యుఁడు దండయాత్రాకాలములలో మార్గశీర్షమును జేర్చినాఁడు. కాళిదాసుని రఘువు శరత్తు రాఁగానే దిగ్విజయమునకు వెడలినాఁడు. నేల యాఱి, నీరు తేఱి, గడ్డి దొరకు కాలమే యాత్రాకాలము. ఈ విదేశపండితులు జయింపఁబోయినది రాజ్యములను గాదు, తాళపత్రములను. కాని ఋతువు మాత్రము రాజుల ఋతువే.

ఈ మార్గమున మొదట నడచినవారిలో మార్టిను హౌగు ఒకఁడు. ఇతఁడు 1859 నుండి 1866 వఱకుఁ బూనా కళాశాలలో సంస్కృతాధ్యయనమున కధ్యక్షుఁడు. 1863–64 శీతకాలమున గుర్జరదేశమున సంచరించి పారసీకుల మతగ్రంథములను, వైదికగ్రంథములను సేకరించెను. ఐతరేయబ్రాహ్మణమును 1863లోఁ బ్రకటించినపుడు, ఒక శ్రౌతిచేత సోమప్రయోగమును దన యావరణములోనే చేయించి చూచినట్లు పీఠికలో వ్రాసికొన్నాఁడు. అది యుక్తమా యయుక్తమా యను విచారణ యిచట నప్రస్తుతము. గ్రంథము వేఱు, ప్రయోగము వేఱు, రెండవది యెఱుఁగనివానికి మొదటిది సగమే తెలియునని గ్రహించినవాఁడని మాత్రము చెప్పవచ్చును.

హౌగు వేసిన బాటను రాజమార్గముగాఁ జేసినవాఁడు యోహాను జార్జి బూలరు. ఇతఁడు 1837 జూలై 19వ తేదీని హానోవరు రాజ్యమున బోర్‌స్టెలు గ్రామమున నొక క్రైస్తవపురోహితునకు జన్మించెను. గొట్టింగెనులో బెన్‌ఫే పండితునొద్ద సంస్కృతము చదివి, 1858లోఁ బట్టభద్రుఁడై, పారిసు, లండను, ఆక్సుఫర్డుల గ్రంథాలయములలో వ్రాఁతప్రతులను శోధించుచుఁ గొంతకాలము గడపెను. మాక్సుమూలరు చొరవచే నితనికి బొంబాయి ఎల్ఫిన్‌స్టను కళాశాలలోఁ బ్రాచ్యభాషాచార్యపదవి లభించెను. 1863 ఆరంభమున నిరువదియైదేండ్ల వయసున బొంబాయిరేవున దిగెను. మూఁడేండ్లకు, 1866లో, కీల్‌హారను పండితుఁడు పూనాకు వచ్చెను. వీరిరువురును గలిసి బొంబాయి సంస్కృతగ్రంథమాల నారంభించిరి. కీల్‌హారను ముద్రించిన పరిభాషేందుశేఖరమును, 1880 మొదలు 1885 వఱకు వెలువడిన యతని మహాభాష్యమును ఎఱుఁగని వైయాకరణుఁడుండఁడు. ఆ మాలకుఁ గారణభూతులలో బూలరొకఁడని యెఱిఁగినవారు మాత్రము తక్కువ.

బూలరునకుఁ గొంతకాలమునకు గుర్జరమండలమునఁ బాఠశాలల తనిఖీయుద్యోగము వచ్చెను. శీతకాలమున నూరూరం దిరిగి బడులు చూచుట యా యుద్యోగధర్మము. బడిని జూచిన పిమ్మట బ్రాహ్మణుల యిండ్లయం దేయే గ్రంథములున్నవో విచారించుట యతని స్వధర్మము. మొదటిదానికిఁ బ్రభుత్వము జీతమిచ్చెను. రెండవదానికిఁ గూడఁ గొంతకాలమునకు సాయపడెను. గుర్జరము, కాఠియవాడ, కచ్ఛము, సింధు, ఖానదేశములయందలి గృహస్థుల గ్రంథముల పట్టిక 1871 మొదలు 1873 వఱకు నాలుగు భాగములుగా వెలువడెను. ఈ పట్టికలు కూర్చుట తానొక్కఁడు చేసిన పని కాదు. ఊరూరను స్థానికపండితులు చావళ్లలో, అటకలమీఁద, దేవతార్చన గదులలోఁ గట్టలు విప్పి చూచి పేర్లు వ్రాసి పంపిరి. మన చెన్నరాజధానిలోను ఇట్టి ప్రయత్నమే జరిగినది. ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుఁడైన గుస్తావు ఓప్పర్టు దక్షిణదేశపు గృహస్థుల గ్రంథముల పట్టికలను 1880లోను 1885లోను రెండు సంపుటములుగాఁ బ్రకటించెను. అయితే వానిలో నెక్కువభాగము ఇతరులు పంపిన పేర్లే. సంపాదకుఁడు స్వయముగాఁ గట్ట విప్పి చూచినవి స్వల్పము. పేరు వినుట వేఱు, పత్రమును జూచుట వేఱు. బూలరు గొప్పతనము రెండవదానియందున్నది.

దీనికి జేసల్మేరు యాత్రకంటె మంచి నిదర్శనము లేదు. జేసల్మేరు మరుభూమినడుమ నొక రాతికోట. ఆ కోటలోఁ బార్శ్వనాథుని యాలయమునొద్ద జైనుల గ్రంథభాండారము కలదు. తురుష్కుల దండయాత్రలకు వెఱచి పాటణమునుండి తాళపత్రములను దెచ్చి యచట దాఁచిరని లోకప్రసిద్ధి. గుర్జరదేశపు జైనులు దానిని గూర్చి చెప్పుకొను మాటలు బూలరు చెవిని బడుచునే యుండెను. కాని చూచినవాఁడు లేఁడు. 1874 జనవరిలో బూలరు దాని నిగ్గు తేల్పనెంచి యెడారిదారి పట్టెను. అపు డాతనికి ముప్పదియాఱేండ్లు. వెంట వచ్చినవాఁడు హెర్మాను యాకోబి. ఇరువదినాలుగేండ్లయినను నిండని చిన్నవాఁడు, చదువు ముగించి దేశము చూడవచ్చినవాఁడు. తరువాతి కాలమున జైనశాస్త్రముల కైరోపాఖండమున నాచార్యస్థానమును వహించినది యీ చిన్నవాఁడే.

భాండారము వైశ్యసంఘము వశముననుండెను. క్రొత్తవారికిఁ, బైగా విదేశీయులకు, దానిని జూపుటకు వారిష్టపడలేదు. ఇందు వారిని దప్పుపట్టఁజాలము. గ్రంథములను గాపాడినది యా యనుమానమే. ఎవరు వచ్చినను దలుపు తీసియున్నచో నేడువందల యేండ్లనాటి పత్రము జేసల్మేరునఁ గాని మఱియొకచోటఁ గాని మిగిలియుండెడిది కాదు. ఎట్లో వారిని సమాధానపఱచి పండితులిరువురును లోపల నడుగు పెట్టిరి. విన్నంత రాశి కనఁబడలేదు. కనఁబడినంతలో నొక తాళపత్రగ్రంథము బూలరు చేతఁ బడెను. అదియే బిల్హణుని విక్రమాంకదేవచరితము.

ప్రతి కొనఁబోయిన నమ్మరు, కొనిపోవఁబోయిన నంగీకరింపరు. ఉండుటకు దినములు లేవు. కావునఁ బండితులిద్దఱును లేఖకులైరి. పదునెనిమిది సర్గల కావ్యమును జెఱికొంత పంచుకొని కొలఁది దినములలో స్వహస్తములతో నకలు వ్రాసికొనిరి. ప్రాచీననాగరిలిపిలోఁ జకారవకారములకుఁ గల పోలికను, లేఖకుల సంకేతములను, చీఁకటిగదిలో మాసిన యాకును దలంచుకొన్నవారికి ఇది యెట్టి పనియో తెలియును. మఱుసటియేఁడే, 1875లో, బొంబాయి గ్రంథమాలలోఁ బదునాల్గవ కుసుమముగా నా కావ్యము వెలువడెను. తొందరపడి వ్రాసికొన్న నకలునుండి ముద్రితమగుటచే లోపములు కొన్ని దొరలినవి. 1945లోఁ గాశినుండి మురారిలాలు నాగరు మఱలఁ బరిష్కరించి ప్రకటించువఱకు నవి యట్లే నిలిచినవి. సెలవునఁ జేసిన పనికి సెలవు మితియే దోషము. అయినను ఆ లోపములతోడి ముద్రణమే లేకున్నచో డెబ్బదియేండ్లపాటు చారిత్రకులకు నీ గ్రంథమే యుండెడిది కాదు.

ఈ కావ్యమునకును మన యాంధ్రదేశమునకును గల సంబంధము పండితులకు విదితమేకాని, అది యే దారిని మనకుఁ జేరినదో స్మరించువారరుదు. కావ్యనాయకుఁడు కల్యాణపురచాళుక్యుఁడగు నాఱవ విక్రమాదిత్యుఁడు, క్రీ. శ. 1076లో సింహాసన మెక్కినవాఁడు. బిల్హణుఁడు చెప్పిన కథలో, చోళరాజు మరణించిన పిమ్మట విక్రముఁడు దన భార్యయొక్క సోదరుని చోళసింహాసనమున నిలిపి మఱలివచ్చెను. కొలఁదికాలములోనే యా సోదరుఁడు ప్రకృతివిరోధమునఁ జావఁగా, వేంగీనాథుఁడగు రాజిగుఁడు చోళరాజ్యము నాక్రమించెను. పిదప నా రాజిగుఁడే విక్రముని యన్నయగు రెండవ సోమేశ్వరునితోఁ జేరి విక్రమునిపై నెత్తివచ్చెను. ఈ రాజిగుఁ డెవ్వఁడు? మన రాజరాజనరేంద్రునకు రాజేంద్రచోళుని కూఁతురగు అమ్మంగదేవియందుఁ గలిగిన కుమారుఁడు; 1070లోఁ జోళసింహాసనమెక్కి కులోత్తుంగుఁడని పేరొందినవాఁడు. నన్నయభట్టారకుని భారతము నాంధ్రీకరింపఁజేసిన రాజు కొడుకుగూర్చి కాశ్మీరకవి యొకఁడు వ్రాసిన సాక్ష్యము, మరుభూమిలో జైనభాండారమున దాఁగి, జర్మనుపండితుల చేతివ్రాఁతగా వెలువడినది. ఆంధ్రచరిత్రకు దిక్కులన్నిటను బంధువులు కలరని దీనివలనఁ దెలియుచున్నది.

వాల్టరు ఎలియటువంటివారు సేకరించిన శాసనములు చాళుక్యచోళుల వంశక్రమమును అంతకుమున్నే కొంత తెలిపియుండెను. శాసనము దానమునుగూర్చి చెప్పును. యుద్ధమునకుఁ గల యంతఃకారణమును జెప్పదు. బిల్హణుఁడు కారణములను జెప్పును. కాని యతనిని నమ్మునపుడు మెలఁకువ కావలెను. అన్నపైఁ దమ్ముఁడు తిరుగఁబడి రాజ్యమపహరించిన సంగతిని శివుఁడే ప్రత్యక్షమై యాజ్ఞాపించినట్లు వర్ణించినవాఁడతఁడు. ఆశ్రితకవి సాక్ష్యము పక్షపాతదూషితము. రాజిగుఁడు ఓడి పాఱిపోయెనని కావ్యము చెప్పుచున్నను, కులోత్తుంగుఁడు అర్ధశతాబ్దికి దగ్గఱగాఁ జోళరాజ్యమును బాలించినాఁడు. పాఱిపోయినవాఁడు పాలించిన విధమిట్టిదన్నమాట.

పదునెనిమిదవ సర్గలో బిల్హణుఁడు స్వవృత్తాంతమును జెప్పుకొన్నాఁడు. సంస్కృతకవులలో నిట్టివారు మిక్కిలి తక్కువ. ఊరు ఖోనముఖము, తండ్రి జ్యేష్ఠకలశుఁడు, తల్లి నాగదేవి, ఇష్టరాముఁడు, ఆనందుఁడు సోదరులు. జ్యేష్ఠకలశుఁడు మహాభాష్యమునకు వ్యాఖ్య రచించినవాఁడఁట. ఆ వ్యాఖ్య దొరకినట్లు లేదు. కైయటుని దేశమున నింకొక భాష్యవ్యాఖ్య పుట్టి నశించినదన్న సంగతి వైయాకరణులకుఁ గొంత మనఃక్లేశము కలిగించునదియే. బిల్హణుఁడు కలశరాజు కాలమునఁ గాశ్మీరమును విడిచి, మథుర, కన్యాకుబ్జము, ప్రయాగ, కాశి మొదలగు చోట్లఁ దిరిగి, డాహళదేశపు కర్ణుని కొలువునఁ గొన్నాళ్లుండి, గుర్జరదేశమునఁ జేఁదనుభవము పొంది, సోమనాథుని సేవించి, సేతువువఱకుఁ బోయి, తుదకుఁ గల్యాణమున విద్యాపతి యయ్యెను. విద్యను మూటగట్టుకొని పరదేశమునకుఁ బోయినవాఁడు బూలరొక్కఁడే కాఁడు. ఎనిమిది శతాబ్దులకు ముందే కాశ్మీరకుఁడొకఁడు ఆ పని చేసినాఁడు. అతని కావ్యమును గనుఁగొన్నవాఁడును అట్టివాఁడే యగుట కాకతాళీయము.

మఱుసటియేఁడు, 1875లో, బూలరు కాశ్మీరమునకుఁ బోయెను. ఇది శీతకాలయాత్ర కాదు. కాశ్మీరమున శీతకాలము యాత్రాయోగ్యము కాదు. బిల్హణుఁడు వర్ణించిన ఖోనముఖము శ్రీనగరమునకు సమీపముననున్న ఖున్మోహు గ్రామమేయని నిర్ణయించెను. కుంకుమపూవును గవిత్వమును దన దేశముననే పుట్టునని బిల్హణుఁడు డంబము పలికినాఁడు. ఆ ప్రాంతమునఁ గుంకుమపూవు పొలములు నేఁటికిని గలవు. భూర్జపత్రములమీఁద శారదాలిపిలో వ్రాసిన గ్రంథములను బెక్కింటిని బూలరు సంపాదించెను. అచటి పండితులలోఁ గాతంత్రవ్యాకరణ మెక్కువగా వ్యాప్తియందుండుటను గమనించెను. మహాభాష్యము కాశ్మీరమున రెండుమాఱులు లోపించి రెండుమాఱులు పునఃప్రతిష్ఠ పొందినట్లు కల్హణుఁడు చెప్పిన కథ కిది తగిన యనుబంధము. ఈ యాత్రానివేదనము 1877లో వెలువడెను. బూలరు, కీల్‌హారను మొదలగువారు ప్రభుత్వమునకై సేకరించిన గ్రంథములు పూనా దక్కను కళాశాలలో నుండి, 1917లో స్థాపితమైన భండార్కరు ప్రాచ్యపరిశోధనమందిరమునకుఁ దరువాత మాఱినవి.

ఆ యాత్రలో నొక్క గ్రంథము మాత్రము చేతికందియు నందలేదు. రాజతరంగిణికి అంతకుమున్ను 1835లోఁ గలకత్తాలో జరిగిన ముద్రణము తప్పుల కుప్ప. శారదాలిపి నెఱుఁగనివారు నాగరిలోనికి మార్చుటచేఁ గలిగిన కీడది. కాశ్మీరమందలి ప్రతులన్నిటికిని మూలమైన ప్రతి కేశవరామపండితుని యింటఁ గలదని బూలరు కనుఁగొన్నాఁడు. అది పదునేడవ శతాబ్దిలో రాజానక రత్నకంఠుఁడు వ్రాసినది. యజమాని దానిని విడువలేదు. బూలరు చేయునది లేక మఱలి వచ్చెను.

ఆ కొఱఁత తీర్చినవాఁడు బూలరు శిష్యుఁడు. బూలరు దేహారోగ్యము చెడి 1880లో నీ దేశమును విడిచి, మఱుసటియేఁడు వియన్నాలో నాచార్యుఁడయ్యెను. అతనియొద్దఁ జదివిన ఔరేలు స్టైను హంగరీదేశీయుఁడు. 1862 నవంబరు 26వ తేదీని బుడాపెస్తునఁ బుట్టినవాఁడు. 1888లో నిరువదియైదేండ్ల వయసున లాహోరు ప్రాచ్యకళాశాలకుఁ బ్రధానాచార్యుఁడును, పంజాబు విశ్వవిద్యాలయమునకు లేఖ్యాధికారియు నయ్యెను. పగలెల్ల దస్త్రములు, పరీక్షలు, కాగితములు. పదునొకండేండ్లు ఈ కాఁడిని మోసినాఁడు. వేసవియవకాశము వచ్చినదా కాశ్మీరము. శీతకాలపు సెలవు వచ్చినదా పంజాబు కొండలు. 1889లో, కేశవరామపండితుని యనంతరము మువ్వురు దాయాదులు మూఁడుభాగములుగాఁ బంచుకొనియున్న రాజతరంగిణీమూలప్రతిని, కాశ్మీరరాజ్యసభాసభ్యుఁడైన సూరజకౌలు పండితుని తోడ్పాటున స్టైను సంపాదించెను. గ్రంథమును మూఁటఁ జీల్చి పంచుకొనుట చూచిన, దాయభాగమును బఠించినవారికి సైతము నవ్వును దుఃఖమును నొక్కమాఱుగాఁ గలుగును. పరిష్కృతమూలము 1892లో బొంబాయిలోను, ఆంగ్లానువాదము రెండు సంపుటములుగా 1900లోను వెలువడెను.

ఆ 1889 సంవత్సరాంతపు సెలవులలోనే స్టైను లవణపర్వతప్రాంతమునకుఁ బోయెను. చీనాయాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు సింహపురమను నగరమును వర్ణించుచు, దానికిఁ గొంతదూరమున నశోకస్తూపము, కొలఁకులు, వానిచెంత శ్వేతాంబరుల మూలాచార్యుఁడు సిద్ధిపొంది మొదట ధర్మము బోధించిన స్థలము కలవని వ్రాసినాఁడు. కన్నింగుహాము సింహపురమును గేతాసతీర్థముతో నేకీకరించియుండెను. అచట జైనాలయచిహ్నములున్నవేమో చూడుమని బూలరు వియన్నానుండి శిష్యునిఁ బురికొల్పెను. స్టైను కేతాసకు సమీపమున గంధాలలోయలో మూర్తియను పల్లెను జేరి, యచట దిబ్బలను బరిశీలించి, తరువాతఁ ద్రవ్వించి, జైనశిల్పములను వెలువఱచెను. అవి లాహోరు వస్తుప్రదర్శనశాలకుఁ జేరినవి. బూలరు ఈ వార్తను 1890లో వియన్నాపత్రికలోఁ బ్రకటించెను. పల్లెపేరే మూర్తి! విగ్రహములు మట్టిలోఁ గలిసినను, అర్థము మఱచియు శబ్దమును విడువని గ్రామీణులవలన స్థలము నిలిచినది. నిరుక్తముకూడ నొక ఖననసాధనమని యిట్టిచోటులఁ దెలియును.

స్టైను యశస్సులో భాగమున కర్హుఁడైన యొక పండితుని నిచటఁ బేర్కొనకున్న దోషము. ఆతఁడు గోవిందకౌలు, శ్రీనగరవాసి, 1846లోఁ బుట్టినవాఁడు. ఆచార్యుఁడు సెలవు వచ్చినఁ గాశ్మీరమునకుఁ బోవుచుండఁగా, ఈ పండితుఁడు చలికాలమున నిల్లు విడిచి లాహోరు మైదానమునకు దిగివచ్చి యాతనితోఁ గూర్చుండి రాజతరంగిణి శ్లోకములను సరిచూచుచుండెను. 1899లో, అనువాదము వెలువడుటకుఁ గొలఁదిమాసములముందు, గతించెను. స్టైను కృతఘ్నుఁడు కాఁడు. 1923లో హాతిముని కథలను బ్రకటించినపుడు ఈ మిత్రుని జీవితమును సాదరముగా వ్రాసినాఁడు. అయినను గ్రంథముఖపత్రమున నొక్కపేరే యుండును. ఊరూరను పట్టికలు వ్రాసి పంపిన గుర్జరపండితులకు అంతమాత్రమును లేదు.

1898 జనవరిలో సర్ బిండను బ్లడ్డు సేనానితోడి సైన్యము బునేరు సీమను జొచ్చినపుడు స్టైను సెలవు పుచ్చుకొని సేనవెంట నడచి, తుపాకులు కాల్చువారి నడుమ స్తూపములను గొలిచి వ్రాసికొనెను. విద్య దండునీడను నడచుట శ్లాఘ్యమా యని యడుగవచ్చును. ఆ సీమలో మఱియొకవిధమున నడుగు పెట్టుట యప్పటి కసాధ్యమన్నదియు సత్యమే.

వియన్నాలో నున్నను బూలరు దృష్టి యీ దేశమును విడువలేదు. 1892లో నలెగ్జాండరు రీ మన భట్టిప్రోలు స్తూపమును ద్రవ్వి ధాతుకరండములను వెలికిఁదీసెను. వానిపై వ్రాఁతను జదివి 1894లో నెపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమునఁ బ్రకటించినవాఁడు బూలరే. కుబిరకరాజు పేరు నాంధ్రదేశమునకు మఱలఁ దెచ్చియిచ్చినది యీ చదువే. అచటి లిపిలో ఘకారజకారాదులు కొన్ని బ్రాహ్మీవర్ణములకు భిన్నములు. అకారాంతహల్లునకు ప్రత్యేకముగా నొక గీఁటు కలదు. గీఁటు లేని యక్షరము పొల్లుహల్లు. హల్లులో నకారము స్వతస్సిద్ధమనెడు వాడుకను విడిచి, స్వరమును దెలుప వేఱుగుర్తు పెట్టిన యా లేఖకుని లక్షణజ్ఞానము మెచ్చఁదగినది. ఆ సంగతిని గ్రహించినవాఁ డాంధ్రభూమిని ద్రొక్కక ముద్రలనుబట్టియే గ్రహించినాఁడు.

1898 ఏప్రిలున నీస్టరు సెలవులు వచ్చినవి. బూలరు స్విట్జర్లాండునందున్న భార్యాపుత్రులను జూచుటకై వియన్నానుండి బయలుదేఱి, నడుమ బోడెన్ సరస్సు తీరమున లిండౌ పట్టణమున దిగెను. 8వ తేదీ శుభశుక్రవారము. సాయంకాలము చిన్న పడవ నొకదానిని బాడుగకుఁ దీసికొని యొంటరిగాఁ దెడ్లు వేయుచు సరస్సులోనికిఁ బోయెను. మఱలి రాలేదు. వయసు అఱువది. మరుభూమి, హిమవద్ద్రోణి, గుర్జరపల్లెలు ఏమియుఁ జేయలేని యా దేహమును, స్వదేశప్రాంతమున నొక సెలవుదినము పొట్టనఁ బెట్టుకొన్నది. ఆర్యవిద్యాసర్వస్వమని తలపెట్టిన మహాగ్రంథమాల యతని సంపాదకత్వమున నప్పు డారంభదశయందుండెను.

జేసల్మేరునకు వెంట వచ్చిన చిన్నవాఁడు యాకోబి మాత్రము నలువదియేండ్లకు మఱల వచ్చెను. 1913–14 శీతకాలమునఁ గలకత్తా విశ్వవిద్యాలయమున నుపన్యాసములిచ్చుటకై వచ్చి, యవకాశము చేసికొని గుర్జరదేశమునకుఁ బోయి, యహమ్మదాబాదున నొక ప్రతిని జూచెను. అది ధనపాలుని భవిసత్తకహ, అపభ్రంశభాషాకావ్యము. అపభ్రంశము అంతవఱకు వ్యాకరణోదాహరణములలోఁ దునుకలుగా మాత్రము తెలిసియుండెను. సమగ్రకావ్యము ఐరోపాపండితుల చేతఁ బడుట యిదియే మొదలు. 1918లో దానిని బ్రకటించెను.

జేసల్మేరుభాండారమున బూలరు చూచినది కొంతయే యని తరువాతఁ దేలెను. బరోడానుండి సి. డి. దలాలు 1916లోఁ బోయి చూచి వ్రాసికొన్న పట్టిక 1923లో వెలువడెను. 1950లో జైనముని పుణ్యవిజయుఁడు అచటికిఁ జేరెను. జైనమునులకు వాహనము నిషిద్ధము. వారికి వర్షాకాలమున నాలుగునెలలు యాత్ర నిషిద్ధము, తక్కిన యెనిమిది నెలలు నడకయే. ఆయనకు సెలవు ముగియుననెడు భయము లేదు. ఏఁడాదికిఁ బైగా నచటనే యుండి, చెదరిన యాకులను జోడించి, కట్టలు కట్టి, పెట్టెలలోఁ బెట్టించి, ప్రతి యొక్కదానికిని వివరము వ్రాసెను. ఆ పట్టిక ముని నిర్యాణానంతరము 1972లో నహమ్మదాబాదున ముద్రితమైనది.